తాత తరిమిన తోడేళ్లు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. జమ్మలమడుగులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నతను, గండికోట మీద హిందీ సినిమాకు కథ రాస్తున్నానన్నాడు. మాట మన యాసే అయినా నాకు అనుమానమేసి సంచి ఒళ్లోకి లాక్కున్నాను. ఫోనులో కత్తి పట్టిన రాణి బొమ్మ చూపించాడు.

"ఈ రాణి యాడిది నాయనా?"

"కోట నిజం అవ్వా, రాణిని మేం కల్పించినాం."

"రేపు పిల్లోళ్లు ఆమెనే నమ్మరా? మా తాత గొర్రెలు కాస్తా ఒంటికట్టెతో ఏడు తోడేళ్లను తరిమినాడు. అది సినిమా తియ్యి, అందులో పొల్లు మాట లేదు."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మీ నాయన నీకు చెప్పినప్పుడు ఎన్ని అవ్వా?"

నేను సంచి ఒళ్లోంచి దించి కింద పెట్టాను. నాయన చెప్పినవి రెండే.

ఇప్పుడు రెండనే చెబుతున్నాను. మా చిన్న మనవరాలు మాత్రం ఏడేనని నాతో కొట్లాడుతుంది.

మీ ఇంట పాడీ పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.