డ్యామ్ కాడ పచ్చ వెలుగు

సెల్లు పక్కకు పెట్టి సక్కగ కూసో బిడ్డా. సగం ఇని సగం రాసేటట్టుంటే నేను చెప్పను.

నా మోకాళ్ల నొప్పి తగ్గితె మలీద ఇస్తనని ముదగల్ పీర్లకు మొక్కిన, తగ్గింది. మీ తాత, నేను మోపెడ్ మీద పోతుంటిమి. బెల్లం, రొట్టె కలిపిన మలీద గిన్నె నా ఒళ్లె ఉండె. తాతకు అప్పటికే చెవుడు. దగ్గరైతదని డ్యామ్ మీదికెల్లి తిప్పిండు. ఆ తోవ బంద్ చేసిండ్రని మాకేం ఎరుక? పొద్దు గూకుతున్నది. అవతల డ్యామ్ కావలికున్న ఇద్దరు జవాన్లు, తుపాకులతోని. "రుకో, రుకో" అని ఒర్లుతున్నరు. నాకు ఇనబడుతున్నది, ఆయనకు ఇనబడ్తలేదు. ఈపు మీద గుద్దిన. "గుంతలున్నయ్, కనబడ్తున్నయ్ తియ్యే" అంటడు. ఒక జవాన్ తుపాకి ఎత్తిండు. నా పానం ఆడికాడికే పోయింది.

ఇంకొకాయన చేతుల టార్చి అసొంటి డబ్బ ఉండె. అండ్లకెల్లి పచ్చటి వెలుగొచ్చి తాత మొగం మీద పడ్డది. ఏం వెలుగనుకున్నవ్, వరి నారు తీరు పచ్చగ, దడదడ కొట్టుకుంట. అంత దూరంకెల్లి వచ్చినా జర సుత పక్కకు పోలే. తాత ఎనక కూసున్న నాకే లోకమంత పచ్చగైంది. దెబ్బ లేదు, సప్పుడు లేదు. ఏం కనబడక తాత బ్రేక్ కొట్టిండు.

బతికినమనుకున్న. ఈయన దిగి, చెప్పులిడిసి, నా ఒళ్లెకెల్లి గిన్నె గుంజుకొని, "పచ్చ జెండా పీరే మనకెదురొచ్చిండే" అనుకుంట ఆ వెలుగు దిక్కే నడవబట్టె. చెవులు లేవు, చూపు లేదు, ఎదురుంగ తుపాకి. నేను ఉరికి దోతి పట్టి గుంజి కింద కూసోబెట్టిన. "బహ్రా హై సాబ్, చెవుడు" అని మొత్తుకున్న.

డబ్బ జవాన్ వెలుగు ఆర్పి, నడుసుకుంట వచ్చిండు. "అమ్మా, ముందుగాల నోటితోని చెప్తం. ఇనకుంటె ఈ లేజర్ కొడ్తం. దానికి సుత ఆగకుంటెనే తుపాకి. కండ్లు పోవు, జరసేపు మసక" అని హిందీల చెప్పిండు.

నాకు నమ్మకమేది? తాత ముందల ఏళ్లు పెట్టి "ఎన్ని?" అంటె ఇనబడదాయె. అట్లనే రోడ్డు మీద కూసున్నం. జరసేపటికి రెప్పలు కొట్టి, "నీ బొట్టు చెరిగిందే" అన్నడు. నాకు ఏడుపొచ్చింది.

మనిషిని ముట్టకుంటనే ఆపింది సూడు, జానెడు డబ్బ. "నన్నోసారి ముట్టనియ్యి కొడకా" అన్న. తన చేతుల పట్టుకునే ముట్టనిచ్చిండు. ఎచ్చగ ఉండె, పసిపిల్ల అరిచెయ్యి తీరు. దానికి దండం పెడ్తమని నేను తల వంచిన్నో లేదో, మీ తాత గిన్నె మూత తీసి పీర్ల మలీద ఆ జవాన్‌కు—

"అత్తా, అన్నం పెట్టిన, రాండ్రి."