అమ్మ వాడి చూసిన పొయ్యి

నిన్న మనవరాలు నన్ను అమీర్‌పేట మెట్రో స్టేషను దగ్గర ఒక కాఫీ హోటలుకు తీసుకెళ్లింది. మెట్లెక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి, ఊపిరి కుదుటపడటానికి కాసేపు పట్టింది. కూర్చున్నాక చూస్తే, మా ముందున్న బల్లకు కాలుగా ఏదో పాత యంత్రం తాలూకు పళ్లచక్రం పెట్టారు. తుప్పు గీకి, నల్లరంగు వేసి, పైన అద్దం బిగించారు. "ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అమ్మమ్మా" అంది మనవరాలు. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, నా చెయ్యి ఊరుకోలేదు. బల్ల అంచు పట్టుకుని, కదులుతుందేమోనని ఒకసారి ఊపి చూసింది. అది మా అమ్మ అలవాటు. ఎనభై ఏళ్ల కిందట, ఈ చుట్టుపక్కలే ఎక్కడో, మా ఇంటికొచ్చిన ప్రతి ఇనుప వస్తువునూ ముందు అమ్మ అలాగే ఊపి చూసేది.

మా నాన్న మొదట ఫిట్టరు. వర్క్‌షాపులో చూపుడు వేలు సగం పోగొట్టుకున్నాక సొంత పని పెట్టుకున్నాడు. మూతపడ్డ పత్తి మిల్లుల్లోంచీ, విరగ్గొట్టిన రైలు పెట్టెల్లోంచీ వచ్చిన పాత ఇనుమును హరాజులో, అంటే వేలంలో, పాడుకుని, ఎద్దుబండి మీద తెచ్చేవాడు. అప్పటి అమీర్‌పేటలో తోటలెక్కువ, ఇళ్లు తక్కువ. పంజాగుట్ట రాళ్లబాట మీద బండి దిగుతుంటే ఆ గలగల మా వంటింటి దాకా వినిపించేది. "వచ్చింది నా చావుకు" అంటూ అమ్మ కొంగు బిగించేది. ఇక పెరడంతా తుప్పు వదిలించే గాసునూనె, ఇటుకపొడి, నానేసిన చింతపండు వాసన. కొన్నాళ్లకు రైలు పెట్టెలో సామాన్లు పెట్టుకునే అర కాస్తా గిన్నెల స్టాండయ్యేది, ఆవిరి గొట్టాలు మంచమయ్యేవి. ఏది ఏమవుతుందో నాన్నకే తెలిసేది కాదంటే అతిశయోక్తి కాదు.

అయితే ఆయనకొక నియమం. వాడి చూడనిదే ఏదీ అమ్మకూడదు. నియమం నాన్నది, వాడటం అమ్మది. కుర్చీ అయితే కూర్చోవాలి, పెట్టె అయితే బియ్యం పోసి మూత తియ్యాలి, వెయ్యాలి, పొయ్యి అయితే దానిమీద వండాలి. కొనడానికి వచ్చినవాళ్లు నాన్నను ఏమీ అడిగేవాళ్లు కాదు. "ఎట్లుందమ్మా?" అని అమ్మనే అడిగేవాళ్లు. ఆమె బాగుందంటే తీసుకెళ్లేవాళ్లు. తల అడ్డంగా ఊపిందంటే, అంతకుముందు మాట అయిపోయినా సరే, బేరం లేనట్టే. అమ్మ అబద్ధమాడదని మా చర్చి గుడికి వచ్చేవాళ్లందరికీ తెలుసు, వాళ్ల ద్వారా ఊరికీ తెలిసింది. దుకాణానికి బోర్డు అవసరం పడలేదు. కానీ దీనివల్ల మా ఇంట్లో ఏ వస్తువూ నిలిచేది కాదు. ఒకనాడు మధ్యాహ్నం నాయనమ్మ ఆవిరి గొట్టాల మంచం మీద కునుకు తీస్తుంటే, కొనేవాళ్లు వచ్చారని లేపారు. "గా మంచంతోని నన్ను సుత తూకమేసి ఇయ్యరాదు బిడ్డా" అంది ఆవిడ. అందరం నవ్వాం. అమ్మ మాత్రం నవ్వకుండా చాప తెచ్చి పరిచింది.

అన్నిటికంటే పొయ్యిలతోనే అమ్మ అలిసిపోయింది. ఒకటి మోకాలి ఎత్తు, ఒకటి నడుము ఎత్తు. ఒకటి అన్నం మాడ్చేది, ఇంకొకటి ఉడకనిచ్చేది కాదు. దాని తిక్క తెలుసుకుని చెయ్యి అలవాటు పడేసరికి అది అమ్ముడుపోయేది, మళ్లీ కొత్తది. పొగకు ఆమె కళ్లెప్పుడూ ఎర్రగా ఉండేవి. రాత్రిళ్లు దగ్గు. గుడిలో పాట మధ్యలో దగ్గొస్తే బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చునేది.

అలాంటి రోజుల్లో నాన్న మిల్లు బాయిలరు ముక్కతో ఒక పొయ్యి చేశాడు. దానికి తలుపుంది, కింద బూడిద అర ఉంది. పొగ పోవడానికి గోడకు కన్నం కొట్టి గొట్టం బయటికి తీశాడు. మొదటిరోజు అమ్మ నమ్మలేక రెండుసార్లు బయటికి వెళ్లి గొట్టం చూసొచ్చింది. ఆ వర్షాకాలమంతా వంటింట్లో గోడలు కనిపించాయి. అమ్మ దగ్గు తగ్గుతూ తగ్గుతూ, ఎప్పుడాగిందో తెలియకుండా ఆగిపోయింది. పప్పుకు ఎసరు పెట్టి మెల్లగా పాడుకునేది. అమ్మ గొంతు బాగుంటుందని అప్పుడే నాకు తెలిసింది.

పంజాగుట్టలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక దఫ్తరు ఉద్యోగి ఆ పొయ్యి సంగతి విని అడిగాడు. నాన్న సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "గిదొక్కటి ఉండనియ్యరాదు" అంది. ఆమె ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదొక్కసారే. నాన్న పళ్లెంలోంచి తలెత్తలేదు. "జబాన్ ఇచ్చిన. ఇంకోటి చేస్త గద" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "పొద్దుగాల ఆయన నిన్నే అడుగుతడు. నీకెట్ల తోస్తే గట్ల చెప్పు" అన్నాడు.

పొద్దున ఆయన వచ్చాడు. "ఎట్లుందమ్మా పొయ్యి?" అన్నాడు. అమ్మ పొయ్యి మీద చెయ్యి వేసి నిలబడింది. నేను తలుపు పక్కన నిలబడి, తల అడ్డంగా ఊపమ్మా, ఒక్కసారి ఊపు అని లోపల్లోపలే ప్రార్థన చేశాను. "మంచిగుంది. పొగ రాదు" అంది అమ్మ. పొయ్యి మీంచి చెయ్యి తియ్యకుండానే, "నా దగ్గు పోయింది" అంది. ఆ చివరి మాట ఆమె ఎందుకన్నదో నాకు తెలిసింది, నాన్నకూ తెలిసింది. కొనడానికి వచ్చినాయనకు మాత్రం ఇంకోలా వినిపించింది. "మా ఇంట్ల ఆమెకు సుత గదే బాధమ్మా. తెల్లందాక దగ్గుతది. మీరు చెప్పినంక ఇంక ఫికర్ లేదు" అన్నాడు. ఆ మనిషి మీద కోపం ఎలా వస్తుంది? బండికెత్తుతుంటే అమ్మ వెంట నడిచి, ముందు సన్న పుల్లలే పెట్టాలని, బూడిద రోజూ తియ్యాలని ఆయనకు చెప్పి పంపింది.

నాన్న మళ్లీ చేస్తాననే అనుకున్నాడు. అబద్ధమాడలేదు. కానీ అప్పటి ప్రపంచ యుద్ధం ముదిరి ఇనుమంతా అటే పోయింది, హరాజుల్లో రేకు ముక్క దొరకడం కష్టమైంది. అమ్మ గోడ కన్నం మూయమంటే "మూస్తే మళ్ల కొట్టాలె" అనేవాడు. వానజల్లు అందులోంచి పడుతుంటే అమ్మ రేకు అడ్డం పెట్టుకుని, ఊదుగొట్టం పట్టుకుని, దగ్గుతూ వండింది. కొన్నేళ్లకు ఆ దగ్గుతోనే పోయింది. సమాధి చేసి వచ్చిన మర్నాడు నాన్న సున్నం కలిపి ఆ కన్నం మూశాడు. తర్వాత ఇంటికి ఎంత ఇనుమొచ్చినా, వాడి చూసేవాళ్లు లేరని ఆయన పొయ్యిలు చెయ్యడం మానేశాడు.

"టేబుల్ ఎలా ఉంది అమ్మమ్మా?" అని మనవరాలు అడిగింది. బాగుందన్నాను. గట్టిగా ఉంది, కదలడం లేదు, నిజమే చెప్పాను. కాఫీ చల్లారిపోయింది. కాలం కూడా మా నాన్న లాంటిదే అనిపించింది: చెయ్యి అలవాటు పడేదాకా వాడుకోనిస్తుంది, అలవాటు పడ్డాక బండికెత్తిస్తుంది.