కొత్త బొమ్మకు పాత పేరు

ఆ శుక్రవారం కువైట్‌లో రిగ్గై నుంచి ఫింటాస్ వెళ్లే బస్సులో నాకు ఒళ్ళు మండిపోతోంది. నేను వారం వారం చూసే అంతరిక్ష సీరియల్ కొత్త ఎపిసోడ్‌లో, పసిపిల్లను పెంచిన మరమనిషిని పాతబడిందని పారేసి, ఇంకోదాన్ని తెచ్చి అదే పేరు పెట్టేశారు. ఆ పిల్ల ఏడవనైనా లేదు! ఫోన్‌లో అభిమానులంతా రచయితను దుమ్మెత్తిపోస్తున్నారు. "ఇలా ఏ ఇంట్లోనైనా జరుగుతుందా?" అని నేనూ కసిగా టైప్ చేస్తున్నాను.

పక్క సీట్లో ఉన్నామె నా ఫోన్‌లోకి తొంగిచూసింది. కడప మనిషి, ఇళ్లలో పనిచేస్తుందట.

"ఆ బొమ్మ కతేనా? మా మామా, అదే మేడమ్ పిల్లోల్లు చూస్తాంటే నేనూ తలుపుకాడ నిలబడి చూసినా."

"ఘోరం కదక్కా?" అన్నాను.

ఆమె కస్సుమంది. "ఏంది ఘోరం? ఆ ఇంట్లో నన్ను మేరీ అంటారన్నా. నాకు ముందు చేసినామె పేరది. పిల్లోల్లకు అలవాటైందని అదే ఉంచినారు. మెడలో తాళిబొట్టు ఏసుకున్నదాన్ని, నేను మేరీనంట! ఇనప బొమ్మకైతే ఇంతమంది కొట్లాడతాండారే, మాకోసం ఒక్కరన్నా నోరు తెరిసినారా?"

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. "మేరీ!" అన్న కేక నాకూ వినబడింది.

"ఐవా మామా," అని అరబ్బీలో ఊకొట్టింది మెత్తగా, పుట్టినప్పుడు పెట్టిన పేరదే అయినట్టు. ఫింటాస్‌లో గబగబా దిగిపోయింది.

ఆ సీరియల్ ఇప్పటికీ చూస్తున్నాను. ఆ పిల్ల కొత్త మరమనిషిని పేరు పెట్టి పిలిచినప్పుడు మాత్రం సౌండు తగ్గించేస్తాను.