పెద్ద చేతికి చిన్న పట్టీ

1982 వేసవిలో తిరుపతిలోని ఒక ప్రభుత్వాసుపత్రి మెడికల్ ఓపీలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. అక్కడ మృత్యువుతో నేను చేసిన మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. వచ్చింది మునెమ్మ, తిరుచానూరులో పూలమ్మే మనిషి.

ఆమెకు గర్భసంచిలో గడ్డ. నెలలో సగం రోజులు నెత్తురు పోయేది. ఆపరేషన్ చేయాల్సింది ప్రసూతి విభాగం వాళ్లు. మత్తు ఇచ్చే ముందు, రోగి తట్టుకోగలదని మెడికల్ వైపు నుంచి ఒక చీటీ రావాలి. దాన్ని ఫిట్‌నెస్ అంటాం. దాని మీద సంతకం నాది. నాకున్న అధికారమంతా అదే కాబట్టి దాన్ని చాలా పొదుపుగా వాడేవాణ్ణి.

మునెమ్మ భారీ మనిషి. నేను తెల్లకోటు తగిలించిన సెలైన్ స్టాండులా ఉండేవాణ్ణి. బీపీ పట్టీ నా చేతికి రెండు చుట్లు తిరిగేది. ఆమెకు ఒకటీ పూర్తి కాలేదు. కొసలను బ్యాండేజీ గుడ్డతో ముడేసి, గాలి కొట్టి, నూట డెబ్బై అని రాసుకున్నాను. 'అన్‌ఫిట్. బరువు తగ్గి రావాలి' అన్నాను చీటీలో. మూడు వారాల్లో మూడుసార్లు అదే వాక్యం. మూడోసారికి నా చేతిరాత కూడా బాగుపడింది.

ఆ రోజే, నలుగురూ నవ్వాలని, తిరుమల కొండ నడిచెక్కితే ఒళ్లు దానంతటదే కరుగుతుందని సలహా ఇచ్చాను. నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఈ నెత్తురు పోయేది మొదలు కాకముందు నెలనెలా నడిసే ఎక్కతా ఉంటి సారూ. మీరెన్ని తూర్లు ఎక్కినారు?"

ఒక్కసారీ ఎక్కలేదని ఒప్పుకున్నాను. ఘాట్ రోడ్డు బస్సు, కిటికీ పక్క సీటు, చేతిలో వాసన చూసుకోవడానికి నిమ్మకాయ: నా యాత్రలన్నీ అలాగే సాగాయి. ఓపీ మళ్లీ నవ్వింది.

ఆమె బ్యాండేజీ ముడి వైపు చూసింది. "రయిక బిగువైతే టైలరు కుట్లిప్పుతాడు సారూ. సెయ్యి లావుండాదని మనిసిని ఎనక్కి పంపడు." లేవబోయి, కళ్లు తిరిగి, బల్ల పట్టుకుని కూర్చుంది. ఇంకొక నెల తాళలేనంది.

స్టాఫ్ నర్సు రెజీనా సిస్టర్ సర్వీసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. స్టోర్‌కు వెళ్లి తొడకు చుట్టే వెడల్పు పట్టీ తెచ్చింది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. పెద్ద పట్టీతో నూట నలభై వచ్చింది. అప్పుడు మొదటిసారి ఆమె కనురెప్ప దించి చూశాను. నెత్తురు లేక లోపల కాగితంలా తెల్లగా ఉంది.

రక్తం ఎక్కించాలని, ఆపైన ఫిట్ అని రాశాను. ఆ వారమే ఆపరేషన్ అయింది. కోలుకున్నాక మునెమ్మ మూర కనకాంబరాలు తెచ్చి రెజీనా సిస్టర్‌కు ఇచ్చింది. నన్ను చూసి కొండెక్కినారా అని మాత్రం అడిగింది.

నేర్చుకున్నది ఇంతే: పరికరం సరిపోకపోతే ఆ తప్పు నేను మనిషి ఖాతాలో రాశాను. లావు మనిషిని కూడా ముందు పరీక్ష చేయాలి, సలహా తర్వాత.

వెడల్పు పట్టీ స్టోర్‌లో రెండో బీరువా, కింది అరలో ఉండేది. తెప్పించుకోవాలంటే ఇండెంట్ చీటీ రెండు ప్రతుల్లో రాయాలి.