సింగం బండికి బుడ్డల నూనె

ఆ రోజుల్లో పట్నంలో చదువుకుని వచ్చినవాడు ఏం చెబితే అదే నిజం. అనుమానించే అలవాటు మా ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు, పైగా అది మర్యాద కాదనుకునేవాళ్లు. నాలాంటివాళ్లకు అది స్వర్ణయుగం. ఇప్పుడు ఆ యుగాన్ని తలుచుకుంటే బంగారం సంగతేమో గాని, చెవులు మాత్రం ఎర్రగా కాలుతాయి. ఈ సంగతి మా ఆవిడకు సగమే చెప్పాను. మిగతా సగం మీకు చెబుతున్నాను, మీరు కాస్త దూరంగా ఉన్నారు గనక.

మా ఊరు ఓర్వకల్లు దగ్గర, రాళ్లగుట్టల నడుమ. ఆ ఊళ్లో మా పెదనాన్నకు ఒక చిన్న ఫ్రెంచి కారు ఉండేది. కడప వైపు ముగ్గురాయి గనుల్లో పనిచేసే ఫ్రెంచి ఇంజనీరు ఒకాయన ఆ దారిన పోతూ జ్వరంతో పడిపోతే, మా పెదనాన్న ఇంట్లో పెట్టుకుని నెల రోజులు జొన్నగంజి పోసి బతికించాడట. యుద్ధానికి ముందు స్వదేశానికి వెళ్లిపోతూ ఆయన ఆ కారును మా ఇంటి ముందు నిలిపి, తాళం చెవి పెదనాన్న చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుని పోయాడు. ముదురాకుపచ్చ రంగు, రెండు తలుపులు, పిసికితే బాతులా అరిచే రబ్బరు హారను. ముందు భాగాన వెనక కాళ్ల మీద నిలబడ్డ ఇత్తడి సింహం. కంపెనీ పేరు పలకడం ఎవరికీ రాక ఊరంతా దాన్ని ‘సింగం బండి’ అనేది. ఎద్దుల కొట్టం పక్కన దానికో ప్రత్యేకమైన కొట్టం, కప్పడానికి గొంగడి, తుడవడానికి సాలెవాళ్లు నేసిన మెత్తని గుడ్డ. పదిహేనేళ్లయినా ఒంటి మీద గీత పడలేదు. “ఆ తుడిచేదాంట్లో సగం నా మొగం తుడిచింటే నేనూ అట్లే మెరుస్తుంటి” అనేది మా పెద్దమ్మ.

కారుతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. అంతా ఫ్రెంచి, మధ్యమధ్య బొమ్మలు. పెదనాన్న దాన్ని పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. నన్ను మద్రాసు కాలేజీకి పంపినప్పుడు ఆయన కోరింది ఒక్కటే. “డాక్టరు కావద్దు, వకీలు కావద్దు. ఆ బండి భాష నేర్చుకోని రా నాయనా. దాని కడుపులో ఏం మాట ఉండాదో నాకు తెలియాల.” నేను రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నాను. అది నన్ను తీసుకోలేదు. రెండేళ్లు సినిమా హాళ్లలో కూచుని, ఇంటర్మీడియట్‌ను పేరుకు తగ్గట్టు మధ్యలోనే వదిలి, ఐదంటే ఐదు మాటలతో ఊరు చేరాను. నమస్కారం, నీళ్లు, రొట్టె, తలుపు, పిల్లి.

మరుసటి శనివారం పొద్దున్నే కొట్టంలో పురాణ కాలక్షేపానికి చేసినట్టే ఏర్పాట్లు చేశారు. చాప, దాని మీద నాకొక పీట, పీట ఎదుట పుస్తకం. కారుకు టెంకాయ కొట్టారు. మా ఊళ్లో పురాణం ఎలా చదువుతారంటే, ఒకరు ఒక ముక్క చదవాలి, అర్థం చెప్పాలి, విన్నవాళ్లు అడగాలి, అడిగినదానికి జవాబు చెప్పితీరాలి. తెలియదనే మాట ఆ పీట మీద కూచున్నవాడి నోట రాకూడదు. పెదనాన్న చేతులు జోడించి నా ఎదుట కూచున్నాడు.

“పదైదేండ్లు మూగదై ఉండాది. నీ నోట మాట్లాడనీ.”

పుస్తకం తెరిచాను. పిల్లి కోసం వెతికాను. లేదు. సింహం ఉంది. (ఒక్క జాతే, కాని మార్కులు వేసేవాళ్లు ఒప్పుకోరు గదా.) ముక్కుతో రెండు వాక్యాలు పలికి, ఇది వాళ్ల కులదైవం అన్నాను. “అహోబిలం సామే!” అని అందరూ లెంపలు వేసుకున్నారు. ఆ భక్తితో నాకు ధైర్యం పెరిగింది. తర్వాతి బొమ్మ రంపం. అడవులు కోసి కారుకు బాట వేశారన్నాను. ఆ తర్వాతిది ఒక చెక్క పెట్టె, పైన గిన్నె, గిన్నె మీద తిప్పే పిడి. నాకేమీ తట్టలేదు. మా ఊళ్లో నూనె గానుగ నడిపే ఆయన, ఊరందరికీ గానుగ మామ, మెడ చాచి చూశాడు.

“ఇదేందప్పా, పైన గింజలు పోసి తిప్పేదేనా? మన గానుగ లెక్కనే ఉందే!”

“గానుగే మామా” అన్నాను. మునిగేవాడికి కట్టె దొరికినట్టయింది.

“అంటే ఈ బండి చేసినోళ్లు గానుగ ఆడించేటోళ్లా?”

“తరతరాలుగా!”

కొట్టమంతా ఆనందం. మామ మీసం తడుముకుని కారు మడ్‌గార్డు మీద బంధువు భుజం మీద వేసినట్టు చెయ్యి వేశాడు. నేను అక్కడ పుస్తకం మూసి ఉంటే ఈ కథ లేదు. కాని పెదనాన్న ముందుకు జరిగి, చాలా శ్రద్ధగా అడిగాడు.

“అట్లయితే ఇంజన్లో ఏం నూనె పోయమన్యారు రా?”

పేజీలో నూనెడబ్బా బొమ్మ ఉంది. కింద లావుపాటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. చదవలేనివాడికి అక్షరాలు ఎంత లావుగా ఉంటే ఏం లాభం? “గానుగ నూనే. మొదట దిగేది” అన్నాను. “వాళ్ల దేశంలో ఏం గింజలో?” అన్నాడు మామ. వేరుశనగలను మా వైపు బుడ్డలంటారు, ఊళ్లో పండేవి అవే. “బుడ్డలే” అన్నాను.

మధ్యాహ్నానికల్లా పెదనాన్న కర్నూలు నుంచి తెచ్చి పోసుకునే నల్ల నూనెను దించేసి, మామ స్వయంగా ఆడించిన కొత్త నూనె వడగట్టి పోశాడు. “ఇంట్లో తాలింపుకు లేదు గాని, సింగానికి తలంటా?” అంది పెద్దమ్మ. నేను పెరట్లో చేతులు కడుక్కుంటున్నాను, చేతికేమీ అంటకపోయినా.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్నాయని విని, పెదనాన్న తన కారునూ దాని పుస్తకాన్నీ తన ఫ్రెంచి పండితుణ్నీ (నన్నే) సర్కారుకు చూపించాలనుకున్నాడు. వారం తిరగకుండానే బయల్దేరాం. గుట్ట దిగేసరికి వెనక నుంచి మిరపకాయ బజ్జీల వాసన మొదలైంది. ఆకలి కాబోలనుకున్నాను. గొర్రెలు మేపేవాడొకడు రోడ్డు మీదికొచ్చి, “అప్పా, యాడ కాలుస్తాండారు బజ్జీలు?” అని మా వెంట పరిగెత్తాడు. రెండు కుక్కలు చాలా దూరం సాగనంపాయి. పెదనాన్న మాత్రం, “నూనె మంచిదైతే వాసన శానా బాగుంటాది” అన్నాడు తృప్తిగా. కర్నూలు గుడారాల ముందుకు రాగానే కారు రెండుసార్లు దగ్గి, బొయ్యిమని పొగ వదిలి, ఆగిపోయింది. ఇంకెన్నిసార్లు తిప్పినా కదల్లేదు. లోపల నూనె బంకలా గడ్డకట్టిందని తర్వాత మెకానిక్కు చెప్పాడు.

గుడారాల్లోంచి గుమాస్తాలు బయటికొచ్చారు. వాళ్లలో ఒకాయన సింహాన్ని చూసి ఎగిరి గంతేశాడు. యానాంలో ఫ్రెంచి బడిలో చదివిన మనిషట. “ఏవండీ, ఈ బండి ఇంత చక్కగా ఎలా ఉంచారండీ!” అన్నాడు. పెదనాన్న పొంగిపోయి, “మావాడూ మీ మాదిరే. ఫ్రెంచిలో మాట్లాడించప్పా” అన్నాడు. యానాం ఆయన నా వైపు తిరిగి, సంతోషంగా, ఆపకుండా పొడుగాటి వాక్యమొకటి అన్నాడు. అందరూ నా నోటివైపు చూశారు. నాకు ఐదు మాటలు తెలుసని చెప్పాను గదా. వాటిలో ‘నమస్కారం’ కూడా ఉంది. కాని నా నోటికి వచ్చింది ‘తలుపు’.

ఆయన మర్యాదస్తుడు. నవ్వకుండా పుస్తకం అందుకుని చదివాడు. ఆ కంపెనీవాళ్లు మొదట ఉక్కు రంపాలు చేసేవాళ్లట. పళ్లు సింహం కోరల్లా గట్టివని, నడుము సింహం నడుములా వంగుతుందని, సింహం దూకినంత వేగంగా కోస్తుందని ఆ గుర్తు పెట్టుకున్నారట. తర్వాత కాఫీ గింజలు పొడి చేసే మర, నేను గానుగన్న పెట్టె అదే. తర్వాత సైకిలు, ఆఖరికి కారు. (మద్రాసులో రెండేళ్లు కాఫీ తాగాను. కప్పు దాటి చూడని చదువు నాది.)

“నూనె సంగతి ఏమన్నా ఉండాదా?” అన్నాడు పెదనాన్న, నెమ్మదిగా.

“ఇదిగోనండి, లావు అక్షరాల్లో. గింజల నూనె చుక్కయినా పోయరాదు అని. ఎవరండీ పోసింది?”

పెదనాన్న నా వైపు చూశాడు. అర నిమిషం కూడా కాదు. తిట్టే చూపైతే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

“నేనేనప్పా” అన్నాడు. “మావాడు వద్దంటానే ఉన్యాడు. చదువురాని మొండోన్ని, నేనే ఇనలే.”

మరునాడు కారుకు ఎద్దులు కట్టి ఊరికి లాక్కొచ్చాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన ఆయన. సింగం వెనక కాళ్ల మీద నిలబడి ముందు నడిచే ఎద్దుల వీపులు చూస్తోంది. ఊరి గుట్టలు కనబడ్డాక ఆయన అడిగాడు.

“మద్రాసులో రెండేండ్లు ఏం చేసినావు రా?”

“సినిమాలు చూశాను పెదనాన్నా.”

“బాగుండెనా?” అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. ఆయన హారను పిసికాడు, నా ఏడుపు ఎద్దులు తోలేవాడికి వినబడకుండా.

మెకానిక్కు రెండు నెలలు కిరసనాయిలుతో కడిగి ఇంజను తిప్పించాడు గాని, ఆ తర్వాత దాని దగ్గు పూర్తిగా పోలేదు. ఆ దగ్గు విన్నప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు ఇంటి వెనక్కి పోయేవాణ్ని. కర్నూల్లో రాజధాని ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం యానాం ఆయన గుడారానికి వెళ్లి, ఈసారి నిజంగానే ఫ్రెంచి నేర్చుకున్నాను. రాజధాని హైదరాబాదుకు తరలిపోయే ముందు ఒక శనివారం అదే పీట మీద కూచుని, ఆ పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివి పెదనాన్నకు అర్థం చెప్పాను. ఆయన చేతులు జోడించుకునే అంతా విన్నాడు.

“బాగుండాది” అన్నాడు చివరికి. “కానీ, ముందు చెప్పిందే బాగుండె రా.”

ఊళ్లో ఈనాటికీ ఆ బండిని చేసినవాళ్లు గానుగ ఆడించేవాళ్లనే చెప్పుకుంటారు. పోయినసారి వెళ్లినప్పుడు గానుగ మామ మనవడు అదే కథను నాకే, నేను ఎన్నడూ విననట్టు, చేతులు తిప్పుతూ చెప్పాడు. రంపాల సంగతి, కాఫీ మర సంగతి నాలిక చివరిదాకా వచ్చాయి, చక్కటి ఫ్రెంచి ఉచ్చారణతో సహా. “అట్లనా!” అన్నాను. అడగకుండానే నమ్మే వంతు ఇప్పుడు నాది.