అందరికీ ఉండేదేనట

నా కూతురు పుట్టి అప్పటికి మూడో నెల. ఆ రోజు వీధి కుళాయి దగ్గర నిండు బిందె ఎత్తి చంకన పెట్టుకున్నాను. లోపల ఏదో కిందికి జారినట్టయింది. బిందె దించేసి, చీర సర్దుకునే వంకతో కాసేపు గోడకు ఆనుకున్నాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో చూసుకుంటే చేతికి మెత్తటి ముద్ద తగిలింది.

మాది తమిళనాడులో నాగలాపురం దగ్గర నల్లరేగడి ఊరు, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడతాం. మెట్ట సేద్యం. కుళాయి వచ్చిన రోజు నీళ్ళు మోసేది ఆడవాళ్ళే, అందులో బాలింతకు మినహాయింపు లేదు. కాన్పు కోవిల్‌పట్టిలో జరిగింది. బిడ్డ బరువు ఎక్కువ, చాలాసేపు ముక్కి కన్నాను. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది కాబట్టి పురుడు మా అత్తే పోసింది. పథ్యం, తలంటు, సాంబ్రాణి, దేనికీ లోటు చేయలేదు.

అందుకే ధైర్యం చేసి ఆమెకే చెప్పాను. ఆమె కంగారు పడలేదు.

"ఆడోళ్ళకి అందరికీ ఉండేదే అమ్మీ. కట్టు వదులయిపోయిండాది, అంతే" అంది.

బాలింత పొట్ట లోపలికి పోవాలని మా ఇళ్ళలో పాత చీర మడిచి నడికట్టు కడతారు. ఆ రోజు నుంచి దాన్ని ఊపిరాడనంత బిగించింది. ప్రేమతోనే బిగించింది, అదే నా ఖర్మ. సాయంత్రానికి ముద్ద ఇంకా కిందికి వచ్చేది. వదులైందేమోనని మర్నాడు నేనే ఇంకో చుట్టు వేసుకునేదాన్ని.

తర్వాత నడుం నొప్పి మొదలైంది. తుమ్మితే, దగ్గితే చీర తడిసేది. బస్సు ఎక్కే రోజు పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశాను. మా ఆయనకు చెబితే, ఇలాంటివి అమ్మతో చెప్పుకోమని అటు తిరిగి పడుకున్నాడు. మా ఇంట్లో ట్రాక్టరు చప్పుడు కాస్త మారితే ఆ పూటే మెకానిక్ వస్తాడు. నా వంతు రావడానికి రెండేళ్ళు దాటింది.

అదీ నా కోసం రాలేదు. రెండో బిడ్డ ఇంకా నిలవలేదని అందరికీ దిగులు పట్టుకుంది. అప్పుడు కారు మాట్లాడి విరుదునగర్ తీసుకెళ్ళారు. లోపలికి అత్త నా వెంట వచ్చింది. డాక్టరమ్మ పరీక్ష చేస్తూ చేస్తూ ఆగిపోయి, ఇది ఎన్నాళ్ళుగా ఉందని తమిళంలో అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త, అది ఆడవాళ్ళకు ఉండేదేనని జవాబు చెప్పేసింది.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "అందరికీ ఉండదమ్మా. మీకుందా?" అంది.

అత్త కొంగు సర్దుకుంటూ నేల చూసింది. దగ్గేటప్పుడు ఆమె పొత్తికడుపు పట్టుకోవడం, పెళ్ళిళ్ళలో మరుగుదొడ్డికి దగ్గరగా పెరటి వైపే కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో. అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆమె నాకు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అందరికీ ఉంటుందనుకుంది.

"యుటెరస్ ప్రొలాప్స్, సెకండ్ డిగ్రీ" అని, అంటే గర్భసంచి కిందికి జారిందని, డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చూపించింది. దాన్ని కింద నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు వదులయ్యాయట. కట్టు బిగించే కొద్దీ ఒత్తిడంతా కిందికే పోతుందట. మొదట్లోనే వచ్చి ఉంటే ఆ కండరాలను బిగించే ఎక్సర్‌సైజులతోనే చాలావరకు తగ్గి ఉండేదేమో అంది. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ముందు దీని సంగతి చూద్దాం, బిడ్డ సంగతి తర్వాత అని చెప్పి పంపింది. కారులో మా ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, తర్వాత అంటే ఎప్పుడని.

గర్భసంచిని పైకి ఆపడానికి లోపల రింగ్ పెసరీ పెట్టారు. మొదటిది మిరపకాయలు ఎండబోస్తుంటే జారిపోయింది. రెండోది ఒరుసుకుని పుండైంది, ఇన్‌ఫెక్షన్ వచ్చింది, యాంటీబయాటిక్స్ మింగాను. ఇక నా వల్ల కాదని పడుకుండిపోయాను. ఇంకో సైజు మార్చాక గాని కుదరలేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. రోజూ ఎక్సర్‌సైజులు చేస్తున్నాను. కోవిల్‌పట్టి బస్సులో నీళ్ళ సీసా పట్టుకుని వెళ్తున్నాను. మా ఆయన బిందెలు బండి మీద తెస్తున్నాడు. బరువెత్తితే బిడ్డ నిలవదని వీధిలో చెప్పుకుంటున్నాడట. నా నడుం కోసమని ఒక్కరితోనైనా అని ఉంటే బాగుండేది. రెండో బిడ్డ గురించి మాత్రం నేను చెప్పేదాకా ఎవరూ ఎత్తకూడదని అందరి ముందూ చెప్పేశాను.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకు నా మాట ఒక్కటే. కింద ఏదో జారుతోందనిపిస్తే ఆ నెలలోనే వెళ్ళండి. డాక్టర్ ముందు కూర్చోగానే మొదటి మాటగా అదే చెప్పండి, మీ నోటితో మీరే చెప్పండి.

ఈ మాటే మా అత్తకూ చెప్పాను. పోయిన నెల చెకప్‌కు వెళ్తూ, నువ్వూ రా అత్తా, చూపించుకుందువు అని బతిమాలాను. ఆమె పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని నన్ను వింతగా చూసింది.

"నాకేంటికి అమ్మీ ఇబుడు? నేనేమన్నా ఇంక బిడ్డల్ని కనాలా?"