పానా ముట్టని దసరా

దసరా పొద్దున షాద్‌నగర్‌లోని మా ఇంట్లో పానాలు, స్క్రూడ్రైవర్లు బొట్లు పెట్టుకుని పూజలో ఉన్నాయి. ఆ రోజు వాటిని ముట్టకూడదు. నాకేమో మా ఎస్‌యూవీ ఏసీ ఫిల్టర్ మార్చేదాకా కాలు నిలవడం లేదు. ఉండబట్టలేక బండెక్కి, డ్యాష్‌బోర్డులో కాగితాలు పెట్టే అరను రెండు పక్కలా నొక్కాను. ఊడొచ్చింది! వెనకున్న మూత కూడా వేళ్లకే వచ్చేసింది. ఎర్రదుమ్ము పట్టిన పాత ఫిల్టర్ లాగేసి కొత్తది తోసేశాను.

"అవ్వా, అయిపోయింది!" అని కేక పెట్టాను.

బండికి బొట్టు పెట్టడానికి కుంకుమ పట్టుకొచ్చిన అవ్వ గద్దించింది. "పూజల ఉన్న పానా ముట్టినవా?"

"లేదవ్వా, ఉత్త చేతులతోనే చేసిన!"

దుమ్ముకొట్టుకున్న నా చేతులను తిప్పి తిప్పి చూసింది.

"గట్లయితే పూజ గీటికి చెయ్యాలె" అంటూ రెండు చేతులకూ బొట్టు పెట్టింది.